బీడీబీ హీబ్రూ నిఘంటువు: ‘పాకద్’ అనే ఒక్క క్రియతో పెట్టిన పరీక్ష

నిఘంటువు గట్టిదో కాదో ముందుమాట చెప్పదు. ఒక మొండి మాటను దాని ముందు పెడితే తెలుస్తుంది. పాత నిబంధన హీబ్రూకి సంబంధించి అలాంటి మొండి మాట ‘పాకద్’. పే, కోఫ్, దాలెత్ అనే మూడు హల్లుల ధాతువు. బైబిల్లో 300 సార్లకు పైగా కనిపిస్తుంది. రూపం వరకు చాలా మర్యాదస్తురాలు: మూడు హల్లుల్లో ఏదీ జారిపోదు, ఏ కాలంలోనైనా ధాతువు ఇట్టే దొరుకుతుంది. చిక్కంతా అర్థంతోనే. ఆదికాండము 21:1లో యెహోవా శారాను ‘దర్శించెను’, సంఖ్యాకాండము మొదటి అధ్యాయంలో జనాన్ని ‘లెక్కించడం’, ఆమోసు 3:2లో ‘శిక్షింతును’, ఆదికాండము 39:4లో పోతీఫరు యోసేపును ఇంటి మీద ‘విచారణకర్తగా నియమించడం’, 1 సమూయేలు 20:18లో దావీదు చోటు ‘ఖాళీగా’ కనబడడం. తెలుగులో ఇవి అయిదు వేరువేరు మాటలు. హీబ్రూలో ఒకే క్రియ. ఇంతగా అనువాదకులను ఇబ్బంది పెట్టిన హీబ్రూ క్రియ మరొకటి ఉండకపోవచ్చని ఇ. ఎ. స్పైజర్ అనే పండితుడు 1958లోనే రాశాడు.

సమీక్షకు తీసుకున్నది బ్రౌన్–డ్రైవర్–బ్రిగ్స్ హీబ్రూ–ఇంగ్లీషు నిఘంటువు, సెమినరీల్లో అందరూ బీడీబీ అనేది. విల్‌హెల్మ్ గెసేనియస్ నిఘంటువుకు ఎడ్వర్డ్ రాబిన్‌సన్ చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని ఆధారం చేసుకుని ఫ్రాన్సిస్ బ్రౌన్, ఎస్. ఆర్. డ్రైవర్, చార్ల్స్ బ్రిగ్స్ కూర్చారు. 1891 నుంచి భాగాలుగా వచ్చి 1906లో పూర్తయింది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు ఎక్కువగా దొరికేది హెండ్రిక్సన్ వాళ్ల పునర్ముద్రణ. లోపల ఉన్నవి పాత పేజీలే. అంచుల్లో స్ట్రాంగ్ నంబర్లు (జేమ్స్ స్ట్రాంగ్ ఒక్కో హీబ్రూ మాటకు ఇచ్చిన వరుస అంకెలు) చేర్చి, చివర్లో ఆ నంబర్ల సూచిక ఇచ్చారు. అక్షరాలు చిన్నవి, పేజీకి రెండు నిలువు వరుసలు, ఎక్కడా గాలి ఆడదు. నలభై దాటిన కళ్లకు భూతద్దం కావాల్సిందే.

ముందుగా దీనికి పోటీ అనుకునేవాటి సంగతి చూద్దాం. మన దగ్గర చాలామంది హీబ్రూ పదాన్ని చూసేది బీడీబీలో కాదు, స్ట్రాంగ్ నంబరు నొక్కితే ఫోన్‌లో తెరుచుకునే పెట్టెలో.

జేమ్స్ స్ట్రాంగ్ 1890లో చేసినది కింగ్ జేమ్స్ బైబిలుకు పదసూచిక. దాని వెనక కలిపిన చిన్న నిఘంటువులో పాకద్ నంబరు 6485. అక్కడి వివరణలో రెండు ముక్కలుంటాయి. మొదటిది స్ట్రాంగ్ సొంతంగా చెప్పిన అర్థం: స్నేహంతోనో వైరంతోనో వెళ్లి చూడడం, దాన్నిబట్టి అజమాయిషీ, హాజరు తీయడం, అప్పగించడం, లోటు కనిపించడం వగైరా. ఆ తర్వాత ఒక కోలన్, ఒక గీత. గీత తర్వాత వచ్చే పొడవాటి జాబితా అర్థాల జాబితా కాదు. ఆ క్రియ ఉన్నచోట కింగ్ జేమ్స్ అనువాదకులు ఏయే ఇంగ్లీషు మాటలు వాడారో ఆ పట్టిక. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం ప్రసంగాలు పక్కదారి పడతాయి.

ఆ జాబితాలో ‘నిశ్చయముగా’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ముందు గుణకారం గుర్తు ఒకటి ఉంటుంది. పాకద్ అంటే ‘నిశ్చయం’ అని కాదు. ఆదికాండము 50:24లో యోసేపు చావబోతూ అన్న మాట హీబ్రూలో ‘పాకోద్ యిఫ్కోద్’. ఒకే క్రియను రెండుసార్లు పక్కపక్కన పెట్టి నొక్కి చెప్పే వాడుక అది. తెలుగు బైబిల్లో ‘దేవుడు నిశ్చయముగా మిమ్మును చూడవచ్చి’ అని ఉన్నది దానికే. ‘నిశ్చయముగా’ ఆ జంట వాడుకలోంచి వచ్చింది, ‘చూడవచ్చి’ క్రియలోంచి వచ్చింది. గుణకారం గుర్తుకు అర్థం అదే: ఇది హీబ్రూ నుడికారం వల్ల వచ్చిన అనువాదం, పదానికున్న అర్థం కాదు. ఆ జాబితాలోనే ‘గాయపరచు’ అనే ఇంగ్లీషు మాట కూడా ఉంటుంది. అది యెషయా 27:3 ఒక్కచోటి కోసం. ‘ఖాళీ’ అనేది 1 సమూయేలు 20 కోసం. ఆ జాబితాలోంచి నచ్చిన మాట ఏరుకుని ఆదికాండము 21:1లో అతికించడం ఏ లెక్కన చూసినా తప్పు.

ఇంకో ఉచ్చు అంకెలది. యాప్‌లలో ‘ఈ పదాన్ని కింగ్ జేమ్స్ ఇన్నిసార్లు ఇలా అనువదించింది’ అని ఒక లెక్క ఉంటుంది. పాకద్ విషయంలో మొదటి స్థానం ‘లెక్కించు’దే, 100కు పైగా. దాన్ని చూసి ఇదే అసలు అర్థం అనుకుంటారు. నిజానికి సంఖ్యాకాండంలో గోత్రం తర్వాత గోత్రం జనాభా చెబుతూ ‘పెకుదేయ్‌హెమ్’, అంటే వారిలో లెక్కించబడినవారు, అన్న ఒకే రూపం మళ్లీ మళ్లీ రావడం వల్ల ఆ అంకె అంత ఉబ్బింది. ఒక పుస్తకంలోని జనగణన పట్టీ మొత్తం భాష వాడుకను శాసించదు కదా.

మూడో రకం మరీ మోసం చేసేది. కొన్ని ఉచిత యాప్‌లలో ‘బీడీబీ’ అని పేరు పెట్టి 1, 1అ, 1అ1 అంటూ మెట్లుమెట్లుగా ఒక అర్థాల చట్రం ఇస్తారు. అది బీడీబీ కాదు, బీడీబీ ఎముకల గూడు. హీబ్రూ ధాతువు తొడుక్కునే ఏడు క్రియారూపాల్లో (వీటినే స్టెమ్‌లు అంటారు) మొదటిదైన కల్ రూపంలో గమనించు, చూసుకో, వెతుకు, లోటుపడు, వెళ్లి చూడు, శిక్షించు, హాజరు తీయి, నియమించు అని వరుసగా ఉంటుంది. మిగతా స్టెమ్‌లైన నిఫాల్, పీయేల్, హిఫీల్ వగైరాలకు కూడా అలాగే. మెట్లు సరైనవే. కాని ఏ మెట్టు కింద ఏ వచనం వస్తుందో లేదు, ఆ క్రియ పక్కన ఏ విభక్తి ఉంటే ఆ అర్థం వస్తుందో లేదు. మందుల షాపులో సీసాల మీది చీటీలన్నీ చింపి ఒక కాగితానికి అంటించి ఇచ్చినట్టే. ఏ మందు ఎవరికో తెలియదు.

అసలు బీడీబీలో పాకద్ 823వ పేజీలో ఉంది. పద్దు మొదట్లో ఉండే తలకట్టులోనే నాలుగు పట్టుకొమ్మలు ఇస్తారు: శ్రద్ధపెట్టి చూడు, వెళ్లి చూడు, హాజరు తీయి, నియమించు. ‘శిక్షించు’ తలకట్టులో లేకపోవడం గమనించాలి. అది ‘వెళ్లి చూడు’ నుంచి పుట్టిన వాడుకగా తర్వాత వస్తుంది. ఈ వరుసలోనే పుస్తకం విలువ ఉంది. ఆ వెంటనే సోదర భాషల రూపాలు: అరామిక్, ఫినీషియన్, అస్సిరియన్, అరబ్బీ. ఆ తర్వాత కల్ మొదలుకొని స్టెమ్‌ల వారీగా, ప్రతి అర్థానికీ వచనాలు, ప్రతి వచనం పక్కనా కర్త ఎవరు, కర్మ ఏమిటి, ఏ విభక్తి అన్నది పొట్టి అక్షరాల్లో.

ఆ పొట్టి అక్షరాలే బంగారం. ఉదాహరణకు యిర్మీయా 23:2 తీసుకోండి. ఒకే వచనంలో పాకద్ రెండుసార్లు, ఎదురెదురు అర్థాల్లో వస్తుంది. కాపరులతో దేవుడు అనేది: మీరు వాటిని పాకద్ చేయలేదు, కాబట్టి నేను మీ దుష్క్రియలను మీ మీద పాకద్ చేస్తాను. మొదటిచోట హీబ్రూ ‘పెకద్తెమ్ ఓతామ్’. ‘ఓతామ్’ అంటే ‘వాటిని’, నేరుగా ద్వితీయా విభక్తి. అర్థం చూసుకోవడం. రెండోచోట ‘ఫోకేద్ అలేయ్‌ఖెమ్’. ‘అలేయ్‌ఖెమ్’ అంటే ‘మీ మీద’, ఆ వెనకే కర్మగా మీ క్రియల చెడుతనం. అర్థం శిక్షించడం. తెలుగు అనువాదకులు మొదటిదానికి ‘విచారణ చేయక’ అనీ, రెండోదానికి ‘శిక్షింపబోవుచున్నాను’ అనీ వేశారు. రెండూ సరైనవే, కాని మాటల మెలిక తెలుగులో మాయమైంది. స్ట్రాంగ్ నంబరు నొక్కినవాడికి రెండుచోట్లా అదే 6485, అదే పెట్టె. బీడీబీ తెరిచినవాడికి ఈ రెండు వాడుకలూ వేర్వేరు పద్దుల కింద, కారణంతో సహా కనిపిస్తాయి. జెకర్యా 10:3 కూడా ఇలాంటిదే: మేకపోతుల ‘మీద’ పాకద్ అంటే శిక్ష, తన మంద‘ను’ పాకద్ అంటే సంరక్షణ.

వాడకంలో ఈ పద్దుల్ని ఇలా పట్టుకోవాలి. కర్మ మనిషి, విభక్తి ‘ను’ అయితే ముందు ‘చూసుకోవడం, వెళ్లి చూడడం’ అనుకోండి: రూతు 1:6లో యెహోవా తన జనులను దర్శించడం, న్యాయాధిపతులు 15:1లో సమ్సోను మేకపిల్లతో భార్యను చూడవెళ్లడం, 1 సమూయేలు 17:18లో యెష్షయి దావీదును అన్నల క్షేమం కనుక్కోమనడం. కర్మ పాపం, పక్కన ‘అల్’ అంటే ‘మీద’ ఉండి ఆ ‘మీద’ ఒక మనిషిపై పడితే అది శిక్ష: నిర్గమకాండము 20:5లో తండ్రుల దోషాన్ని కుమారుల మీదికి రప్పించడం. కర్మ ఒక మనిషి, పక్కన ‘అల్’ ఉండి అది ఒక పని మీదో గుంపు మీదో అయితే నియామకం: సంఖ్యాకాండము 27:16లో సమాజం మీద ఒకరిని నియమించమని మోషే అడగడం. ‘అల్’ శిక్షలోనూ ఉంది, నియామకంలోనూ ఉంది. కాబట్టి ‘అల్’ను మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు. కర్మ పాపమా, మనిషా అన్నదే తేలుస్తుంది.

ఇది రాతి మీది గీత కాదు. కీర్తన 8లో నరపుత్రుని ‘దర్శించుటకు’ వాడేపాటివాడని ఆశ్చర్యం. యోబు 7:18లోనూ అదే క్రియ, అదే ద్వితీయ, కర్త దేవుడే, కర్మ మనిషే. కాని అక్కడ ప్రాణం విసిగిన మనిషి ‘ప్రతి ఉదయమూ వచ్చి చూస్తావెందుకు, క్షణక్షణం పరీక్షిస్తావెందుకు’ అని మొత్తుకుంటున్నాడు. వ్యాకరణం ఒకటే, గొంతు వేరు. ఇలాంటిచోట తేల్చేది జంటపాదంలోని, అంటే అదే భావాన్ని మరోలా చెప్పే పక్క పాదంలోని, క్రియ. యోబులో జంటగా వచ్చింది ‘బాహన్’, పరీక్షించు. కీర్తనలో వచ్చింది ‘జాఖర్’, జ్ఞాపకం చేసుకో. నిఘంటువు ఈ రెంటినీ చూపిస్తుంది గాని గొంతును విని చెప్పదు. అది చదివేవాడి పని.

‘లోటు’ అర్థం చాలామందికి తెలియనిది, అందంగా ఉండేది కూడా. హాజరు పట్టీ తీస్తేనే కదా ఎవరు రాలేదో తెలిసేది. 1 సమూయేలు 25లో నాబాలు గొర్రెల కాపరుల కథంతా ఈ క్రియ మీదే నడుస్తుంది. దావీదు మనుషులు ‘వారికేమీ నిఫ్కద్ కాలేదు’, ఏమీ పోలేదు, అంటారు. తర్వాత 15వ వచనంలో నాబాలు పనివాడే అబీగయీలుతో ‘మేమేమీ పాకద్ చేయలేదు’, మాకేదీ తక్కువపడలేదు, అని అదే మాటతో సాక్ష్యం చెబుతాడు. సంఖ్యాకాండము 31:49లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైన్యాధిపతులు లెక్క చూసి ఒక్క మనిషి కూడా తగ్గలేదంటారు. అక్కడా నిఫాలే. 1 రాజులు 20:39లోనూ ఈ నిఫాల్ జంటగా వస్తుంది. స్ట్రాంగ్ జాబితాలో గుణకారం గుర్తుతో ఉన్న ‘ఏ విధంగానైనా’ అనే మాట అక్కడినుంచి వచ్చిందే. ఈ అర్థాన్ని బీడీబీ కల్, నిఫాల్ రెండింటిలోనూ వచనాలతో సహా విడదీసి చూపిస్తుంది. యెషయా 38:10లో హిజ్కియా తన మిగిలిన సంవత్సరాలు తనకు లేకుండా పోయాయని ఏడ్చేచోట ఉన్నది పుయాల్, అంటే పీయేల్‌కు కర్మణి రూపం. దాన్నీ ఇదే తోవలో వివరిస్తుంది.

హిఫీల్ దగ్గర దారి సూటిగా ఉంటుంది: నియమించు, లేదా అప్పగించు. పోతీఫరు యోసేపును ఇంటి మీద పెట్టింది హిఫీల్. రెహబాము ఇత్తడి డాళ్లు చేయించి రాజదేహ సంరక్షకుల అధిపతుల చేతికి ఇచ్చింది హిఫీల్. కీర్తన 31లో ‘నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను’ అన్నదీ హిఫీలే: ‘అఫ్కీద్’. అంటే దాచుకోమని నమ్మి ఇవ్వడం, బ్యాంకులో డిపాజిట్ చేసే అప్పగింత. ‘వదిలేస్తున్నాను’ అనే నిస్పృహ అందులో లేదు. ఒక్క జాగ్రత్త: లేవీయకాండము 26:16లో హిఫీలే బెదిరింపుగా వస్తుంది, భయాన్ని మీ మీద నియమిస్తాను అని. అక్కడ ‘అప్పగింత’ అనుకుంటే వాక్యం నవ్వులపాలవుతుంది.

ధాతువుల వారీ అమరిక బీడీబీకి పెద్ద బలం, పెద్ద బెడద కూడా. బలం ఏమిటంటే, కుటుంబమంతా ఒకేచోట ఉంటుంది. ‘పెకుద్దా’ అనే విచారణ, ‘పాకీద్’ అనే అధికారి, ‘పిక్కూదీమ్’ అనే ఆజ్ఞలు, ‘పిక్కాదోన్’ అనే డిపాజిట్, ‘మిఫ్కాద్’ అనే జనగణన అన్నీ పాకద్ కిందే వరుసగా. యోసేపు కరవు కోసం దాచిన ధాన్యాన్ని ఆదికాండము 41:36 ‘పిక్కాదోన్’ అంటుంది. 119వ కీర్తనలో 21 సార్లు వచ్చే ‘పిక్కూదీమ్’ తెలుగులో ఆజ్ఞలుగా, ఉపదేశాలుగా కనిపిస్తుంది. వీటన్నిటినీ పక్కపక్కన చూస్తే తప్ప ఒకే వేరు అని తట్టదు. స్ట్రాంగ్‌లో పెకుద్దా 6486 కాబట్టి పక్కనే దొరుకుతుంది. కాని మిఫ్కాద్ ‘మ’తో మొదలవుతుంది గనుక 4662కి వెళ్లిపోయింది. నెహెమ్యా 3:31లోని మిఫ్కాదు ద్వారానికీ జనగణనకూ చుట్టరికం ఉందని ఆ అంకెలు చూస్తే ఎవరికీ తోచదు.

బెడద ఏమిటంటే, ధాతువు తెలియకపోతే పుస్తకం తెరుచుకోదు. పాకద్ లాంటి గట్టి ధాతువుకు ఇబ్బంది లేదు. ‘తోరా’ కావాలంటే ‘త’ కింద కాదు, యోద్ కింద ‘యారా’ దగ్గర వెతకాలి. ‘మిష్పాత్’ కావాలంటే షీన్ కింద. మొదటి ఏడాది విద్యార్థి ఇక్కడే చేతులెత్తేస్తాడు. హెండ్రిక్సన్ ముద్రణలోని నంబర్ల సూచిక ఈ ఇబ్బందికి మందు. తెలుగు వచనంలో మాట చూసి, ఏదైనా యాప్‌లో స్ట్రాంగ్ నంబరు పట్టుకుని, చివరి సూచికలో ఆ నంబరు ఎదురుగా ఉన్న పేజీకి వెళితే సరి. ధాతువు గుర్తించే అభ్యాసం తర్వాత మెల్లగా వస్తుంది.

వచన సంఖ్యల తేడా మరో గుంట. బీడీబీ ఇచ్చేవి హీబ్రూ ప్రతిలోని సంఖ్యలు. హీబ్రూలో చాలా కీర్తనల శీర్షిక మొదటి వచనంగా లెక్కకు వస్తుంది. మనకు 8:4 ఉన్నది అక్కడ 8:5. ఆత్మను అప్పగించేది మనకు 31:5, అక్కడ 31:6. యిర్మీయా 9లో అధ్యాయం విరుపే వేరు కాబట్టి సున్నతి పొందినవారి మీద పాకద్ మనకు 25, అక్కడ 24. కీర్తన శీర్షికకు సొంత వచనం ఉందో లేదో ముందు చూసుకోవాలి. పుస్తకం తప్పు రాసిందని చాలామంది అనుకునేది ఇక్కడే.

ఇక జె, ఇ, డి, పి అక్షరాలు. పంచగ్రంథాల (బైబిల్లోని మొదటి అయిదు పుస్తకాల) వచనాల పక్కన బీడీబీ ఈ గుర్తులు వేస్తుంది. ఆ కాలపు మూలాధార సిద్ధాంతం ప్రకారం ఏ వచనం ఏ మూలం నుంచి వచ్చిందనే అభిప్రాయం అది. సంఖ్యాకాండం జనగణన పక్కన ఎప్పుడూ పి కనిపిస్తుంది. ఆ సిద్ధాంతంతో ఏకీభవించినా ఏకీభవించకపోయినా, ఆ అక్షరాన్ని అర్థంలో భాగంగా చదవొద్దు. కొందరు దాన్ని సంక్షిప్తం అనుకుని అనువాదంలో ఇరికించేస్తారు. మిగిలిన గుర్తుల కోసం ముందున్న సంక్షిప్తాల పట్టికను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది. బాకు గుర్తు (†) ఉంటే ఆ మాట వచ్చే వచనాలన్నీ ఇచ్చినట్టు అర్థం. ఈ ఒక్కటి తెలిస్తే వేరే పదసూచిక తెరిచే పని చాలాసార్లు తప్పుతుంది.

వయసు మీద పడిన లోపాలు నిజమైనవి. సిరియాలోని రాస్ షామ్రాలో, హీబ్రూకు దగ్గరి భాషలో ఉన్న ఉగరిత్ పలకలు బయటపడింది 1920ల చివర, మృతసముద్రపు చుట్టలు 1947 నుంచి. బీడీబీకి ఈ రెండూ తెలియవు. సోదర భాషల విభాగం అందుకే పాతబడింది. పాకద్ వరకు నష్టం తక్కువ, ఎందుకంటే అక్కాదియన్ (బీడీబీ అస్సిరియన్ అనేది) ‘పకాదు’ అప్పటికే వారి చేతిలో ఉంది. అరుదైన మాటలకు, ముఖ్యంగా యోబు గ్రంథంలోని పదాలకు మాత్రం బీడీబీ ఒక్కదాని మీద వాలొద్దు. అరబ్బీలో ఈ ధాతువుకు ‘పోగొట్టుకొను’ అనే అర్థం ఉంది. దాన్ని చూసి పాకద్ మూలార్థమే ‘లోటు’ అని వాదించడం సులువు. సోదర భాషలోని అర్థం సాక్ష్యమే గాని తీర్పు కాదు. బైబిల్లోని వాడుకే తీర్పు.

తెలుగు పాఠకుడికి ఇంకో అదనపు అడ్డంకి ఉంది. అది పుస్తకం తప్పు కాదు. బీడీబీ ఇంగ్లీషు వందేళ్లు దాటినది. అందులోని ‘విజిట్’ ఇప్పటి చుట్టపుచూపు కాదు, పై అధికారి వచ్చి తనిఖీ చేసి తగిన చర్య తీసుకోవడం. పాత తెలుగు బైబిలులోని ‘దర్శించు’ కూడా అలాంటిదే. కాని ఈనాటి చెవికి దర్శనం అంటే భక్తుడు దేవుణ్ణి చూడడం, లేదా కలలోనో మెలకువలోనో ఏదో కనిపించడం. అందుకే శారాకు దర్శనం కలిగిందని బోధిస్తారు. ఆదికాండము 21:1లో ఆమె ఏదీ చూసినట్టు లేదు. ఇచ్చిన మాట పట్టించుకుని నెరవేర్చడమే ఆ క్రియ. యెషయా 10:3లోని ‘దర్శనదినము’ దగ్గర ఈ పొరపాటు ఇంకా ప్రమాదం. అక్కడ హీబ్రూ ‘పెకుద్దా’, లెక్క తేల్చే రోజు. హోషేయ 9:7లో అదే నామవాచకానికి మనవాళ్లే ‘శిక్షా దినములు’ అని వేశారు. లూకా 1:68లో జెకర్యా పాటలోని ‘దర్శనమిచ్చి’ వెనక ఉన్న గ్రీకు క్రియ, పాత నిబంధనకు ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటులో ఆదికాండము 21:1 దగ్గర పాకద్‌కు వాడినదే. ఈ గ్రీకు లంకెను ప్రతిచోటా బీడీబీ ఇవ్వదు, వేరేగా చూసుకోవాలి.

తెలుగులో పాకద్‌ను మొత్తంగా మోసే మాట ఒక్కటీ లేదు గాని, దగ్గరికి వచ్చేవి రెండున్నాయి. ఒకటి ‘విచారించు’: బంధువు కుశలం విచారిస్తాడు, పోలీసూ విచారిస్తాడు. రెండోది ‘లెక్క’: తలలు లెక్కపెడతాం, మనిషిని లెక్కచేస్తాం, చివరికి లెక్క తేలుస్తాం. ప్రసంగంలో పాకద్‌ను ఒక్క వాక్యంలో చెప్పాల్సి వస్తే ఇంగ్లీషు ‘విజిట్’ మీదుగా తిరిగి రావడం కన్నా ఈ దారి దగ్గర.

కొనాలా వద్దా అంటే, హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగి, ఏడు స్టెమ్‌ల పేర్లు తెలిసినవాళ్లకు కొనదగ్గదే. అక్షరాలే రానివాళ్లు కొంటే అలమరలో బరువు తప్ప ఫలితం లేదు. వాళ్లకు బైబిల్ హబ్ వెబ్‌సైట్‌లో 6485 పేజీ చాలు. అక్కడ బీడీబీ పూర్తి వివరణ ఉచితంగానే ఉంటుంది, సంక్షిప్తాలు చాలావరకు విప్పి ఇచ్చారు. సెఫారియా వెబ్‌సైట్‌లోనూ బీడీబీ ఉంది. హీబ్రూ పదం మీద నొక్కితే తెరుచుకుంటుంది. స్కాన్ ప్రతుల కన్నా ఇవి మేలు. స్కాన్లలో చిన్న హీబ్రూ అచ్చులు అలుక్కుపోయి, కల్, పీయేల్ రూపాల తేడా కనిపించదు.

సెమినరీలో పరిశోధనకు రాసేవాళ్లు బీడీబీతో ఆగకూడదు. కోలర్–బాంగార్ట్నర్ నిఘంటువు అక్షరక్రమంలో ఉంటుంది, ఉగరిత్ ఆధారాలూ ఉంటాయి. ఇంగ్లీషు అనువాదం 1994 నుంచి 2000 మధ్య అయిదు సంపుటాలుగా వచ్చింది. ధర అందనివాళ్లు లైబ్రరీలో చూసుకోవడమే. దాని మూలాల నుంచే విలియం హాలడే 1971లో తీసిన సంక్షిప్త నిఘంటువు చేతికి తేలిక. సోదర భాషల గొడవ లేదు, అక్షరక్రమమే కాబట్టి ధాతువు తెలియకపోయినా మాట దొరుకుతుంది. కాని పాకద్ లాంటి క్రియకు విభక్తుల వివరం బీడీబీలో ఉన్నంత విస్తారంగా అందులో ఉండదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు చివరి పేజీలు తిప్పి చూడండి. పాత ఆక్స్‌ఫర్డ్ ప్రతి అయితే స్ట్రాంగ్ సూచిక ఉండదు. అలాంటి ప్రతి చవగ్గా దొరికితే, బ్రూస్ ఐన్స్‌పార్ 1976లో బీడీబీకి చేసిన విడి సూచిక కూడా వెతకండి. అందులో బైబిలు వచనాల క్రమంలో హీబ్రూ మాటలూ, అవి బీడీబీలో ఏ పేజీలో, ఏ విభాగం కింద ఉన్నాయో ఇచ్చారు.